గేర్‌బాక్స్ పోయిందంటున్నారు, కారు అమ్మేయాలా?

ప్రశ్న: మాది తొమ్మిదేళ్ల ఆటోమేటిక్ కారు, 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య రెండు నుంచి మూడో గేరుకు వెళ్లేటప్పుడు జర్క్ వస్తోంది, ఒక్కోసారి ఇంజిన్ రేస్ అవుతుంది గానీ బండి లాగదు. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని మెకానిక్ ఎస్టిమేట్ ఇచ్చారు. బాగున్న కారుకు వచ్చే ధర 100 అనుకుంటే రిపేరుకు 45 అవుతుంది, ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మితే 50 వస్తుందట. అత్యవసర నిధి తీసి బాగు చేయించనా, లేక అమ్మేసి 250 లోను తీసుకుని ఐదేళ్ల ఈఎంఐతో కొత్త కారు కొననా?

జవాబు: ఇప్పుడే రెండూ వద్దండి. మీ ఉత్తరంలో నాకు కంగారు పుట్టించింది 45 అన్న అంకె కాదు, ఆ అంకె ఎలా వచ్చిందో ఎక్కడా లేకపోవడం. ఆయిల్ చూశారా, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టారా, గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పారా? ఇవేవీ చేయకుండా మొత్తం మార్చాలన్న మాట మీద మీ అత్యవసర నిధిని ఖర్చు పెట్టనివ్వను.

నా కారుకే ఇలా జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అచ్చం మీ లక్షణాలే, మొదటి షెడ్‌లో గేర్‌బాక్స్ పోయిందన్నారు. రెండో చోట కారును లిఫ్ట్ మీదకు ఎత్తి, గేర్‌బాక్స్ ఆయిల్ నాలుగు చుక్కలు తెల్ల టిష్యూ కాగితం మీద వేసి చూపించారు. కొత్త ఆయిల్ చాలావరకు ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. నా కాగితం మీద పడింది ముదురు గోధుమ రంగులో ఉంది, కానీ మాడు వాసన లేదు, వేలితో రుద్దితే గరుకుగా ఏమీ తగల్లేదు. చివరికి తేలిందేమిటంటే గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పైపు దగ్గర సన్నగా లీకై ఆయిల్ తగ్గిపోయింది. పైపు, ఒక సోలనాయిడ్ (గేర్‌బాక్స్‌లో ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వ్), కొత్త ఆయిల్, అంతే. మీకూ అలాగే అవుతుందని మాట ఇవ్వలేను, ఎందుకంటే మాడు వాసన వచ్చి, పాన్‌లో లోహపు పొడి ఎక్కువగా కనిపిస్తే లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్టే, అప్పుడు పెద్ద రిపేరు తప్పదు. కానీ అది కళ్లతో చూసి తెలుసుకోవాల్సిన విషయం.

కాబట్టి ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లండి, చెకింగ్ చార్జీ అడిగితే సంతోషంగా ఇవ్వండి. స్కానర్‌లో వచ్చిన కోడ్‌లన్నీ కాగితం మీద రాయించుకోండి. పి-0700 ఒక్కటే రాసిస్తే చాలదు, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని మాత్రమే దాని అర్థం, అసలు సంగతి దాని వెనకున్న కోడ్‌లలో ఉంటుంది. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు కూడా చూడమనండి, అవి అరిగినా జర్క్ వస్తుంది. అప్పటిదాకా బండిని ఎక్కువ తిప్పకండి, ప్లేట్లు జారుతుంటే ప్రతి ప్రయాణమూ లోపల ఇంకొంత కాలుస్తుంది.

ఇన్నేళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన ఊసే మీరెత్తలేదు. జీవితకాలం మార్చక్కర్లేదన్న మాట చాలామంది నమ్ముతారు గానీ, గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జడ్‌ఎఫ్ తన ఆటోమేటిక్ గేర్‌బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. మీ మోడల్‌కు ఏ ఆయిల్ రాసి ఉందో అదే పోయించండి. సీవీటీ అనే బెల్టు రకం గేర్‌బాక్స్ ఉన్న కార్లకైతే మామూలు ఆటోమేటిక్ ఆయిల్ అస్సలు పనికిరాదు.

ఇక లెక్క. చాలామంది రిపేరు ఖర్చును కారు ధరతో పోల్చి, దాదాపు సగం అవుతోంది కదా, దండగ అనేస్తారు. అలా కాదు. ఈ రోజు అమ్మితే చేతికి 50 వస్తుంది, అది వదులుకుని పైన 45 పెడుతున్నారు, అంటే మీ కారునే మీరు 95కు కొంటున్నట్టు. బాగున్న ఇలాంటి కారు బయట 100 ఉంది, పైగా దాన్ని ఎవరు ఎలా నడిపారో మీకు తెలియదు, దీని పుట్టుపూర్వోత్తరాలన్నీ మీకు తెలుసు. అందుకే ఇంజిన్, బాడీ బాగుంటే 45 అయినా నేను రిపేరుకే ఓటేస్తాను. రెండో ఎస్టిమేట్ 50 దాటితే మాత్రం ఆశ వదులుకుని అమ్మేయండి. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, కింద తుప్పు పట్టినా, ఏడాదిలోపు ఎలాగూ మార్చే ఆలోచన ఉన్నా కూడా అంతే.

కొత్త కారు సంగతి చూడండి. 250 లోనును 60 నెలలకు పంచితే అసలే నెలకు 4 దాటుతుంది, వడ్డీ వేరు, పెరిగే బీమా ప్రీమియం వేరు. అదే 45ను నాలుగేళ్లకు, అంటే 48 నెలలకు పంచితే నెలకు 1 కూడా పడదు. టైర్లకూ సస్పెన్షన్‌కూ ఇంకో 1 పక్కన పెట్టుకున్నా ఈఎంఐలో సగమే. కొత్త కారు మోజు ఉంటే తప్పు లేదు, కానీ గేర్‌బాక్స్ టెన్షన్‌లో లోను కాగితాల మీద సంతకం పెట్టకండి.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? ఉద్యోగానికి ఈ కారు లేకుండా కుదరదంటే అత్యవసర నిధి ఇలాంటి దానికే, వాడండి, కానీ అందులో కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు మిగలాలి. అది మిగలకపోతే తక్కువపడిన మేరకే చిన్న లోను తీసుకోండి. క్రెడిట్ కార్డు మీద బాకీ నెలనెలా నడిపించడం మాత్రం వద్దే వద్దు. మామూలు బీమా అరుగుదలకు డబ్బివ్వదు, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఏమైనా మిగిలి ఉందేమో మాత్రం పాత కాగితాలు తీసి చూడండి.

రెండో ఎస్టిమేట్ తీసుకునేటప్పుడు ఏ భాగం మారుస్తున్నారు, అది కొత్తదా, విప్పి బాగుచేసినదా, పాత బండి నుంచి తీసినదా, ఎన్ని నెలల గ్యారంటీ ఇస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. రెండు కాగితాలూ, కోడ్‌లూ నాకు పంపండి, ఎంత నిధిలోంచి తీయాలో, నెలకు ఎంత చొప్పున తిరిగి నింపాలో మీ జీతం లెక్కతో చెబుతాను.