1994 నాటి ఆ బ్రిటన్ పాట ఇదే
బ్రిటన్‌లో 1994 వేసవి అంతా పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో ఉన్న ప్రేమపాట కావాలన్నారు, దొరికిన రికార్డులో గొంతు వేరుగా ఉందన్నారు. మీకు దొరికింది ది ట్రాగ్స్ బృందం 1967లో పాడిన అసలు పాట. వెనుక వయొలిన్లు, గడియారం టిక్కుటిక్కుమన్నట్టు సన్నని తాళం వినిపిస్తే అనుమానం అక్కరలేదు, అదే. మీరు వెతుకుతున్నది స్కాట్లాండ్ బృందం వెట్ వెట్ వెట్ ‘ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్’ సినిమా కోసం మళ్లీ పాడిన ‘లవ్ ఈజ్ ఆల్ అరౌండ్’. పాటతో పాటు బృందం పేరు కూడా కలిపి వెతకండి, వెంటనే దొరుకుతుంది. ఏకబిగిన 15 వారాలు అగ్రస్థానంలో నిలిచిందా పాట! చివరికి బృందమే అమ్మకం ఆపించింది. దాంతో కెనడా గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ 1991లో నెలకొల్పిన వరుసగా 16 వారాల రికార్డును అందుకునే అవకాశం ఒక్క వారం తేడాతో చేజారింది. నాకు మాత్రం పాత పాటే ఎక్కువ ఇష్టం, దాన్ని చెరిపేయకండి.