పుసి తుడవడం నీ చేతిలో పని, చుక్కలు డాక్టరు చేతిలో పని

బిడ్డా, ఆశీస్సులు.

మీ షీ ట్జూకి కళ్ల కింద ఎర్రచారలు పడ్డాయనీ, పిల్లి ఒక కన్ను సగం మూసే ఉంచుతోందనీ రాశావు. కుక్క సంగతి నిదానంగా చూడొచ్చు. పిల్లిని మాత్రం ఇవాళే డాక్టరుకు చూపించు.

కన్నీళ్లలో పోర్ఫిరిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ తుప్పురంగు తిరుగుతుంది, తెల్లబొచ్చు మీద ఇంకా ఎక్కువ కనబడుతుంది. రంగుతో భయం లేదు. ఆ బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటే కింద చర్మం పాచి వాసన కొట్టి పుండవుతుంది, జాగ్రత్త అక్కడ కావాలి.

తుడవడానికి మెడికల్ షాపులో 0.9 శాతం నార్మల్ సెలైన్ దొరుకుతుంది. లేకుంటే కాచి చల్లార్చిన నీళ్లు. దూది పోగులు కంటికి అంటుకుంటాయి, గాజ్ ముక్కలు మేలు. ఎండిన పుసిని గోటితో గీకకు, చర్మం లేచి వస్తుంది. బాగా తడిపిన గాజ్‌ని దాని మీద ఒక నిమిషం ఆనించి పట్టుకో. పెచ్చు నాని, మెత్తబడి, వేలి కింద జారుతుంది. అప్పుడు ముక్కు పక్క మూల నుంచి బయటికి ఒక్కసారి లాగి ఆ ముక్క పారెయ్. రెండో కంటికి కొత్త ముక్క. చివర్లో పొడిగుడ్డతో తడి అద్దు. పసుపు నీళ్లు, టీ డికాషన్, పాలు ఏవీ వద్దు.

ఇక పిల్లి. కన్ను చికిలించిందంటే నొప్పి ఉన్నట్టే. నల్లగుడ్డు మీద గీత పడి ఉండొచ్చు. ఇంట్లో మిగిలిన చుక్కలు వేశావో, వాటిలో డెక్సామెథసోన్‌లాంటి స్టెరాయిడ్ ఉంటే ఆ గీత మానకపోగా లోతై రంధ్రం పడొచ్చు. డాక్టరు ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుతురులో చూస్తారు, గాయమున్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ పరీక్ష కాకుండా స్టెరాయిడ్ చుక్క పడనివ్వకు. తుమ్ములు కూడా ఉంటే హెర్పిస్ వైరస్ కావచ్చు. ఇంకో పిల్లి ఉంటే గిన్నెలు వేరుచెయ్.

కుక్కకు బంకలాంటి పుసి రోజంతా ఊరుతూ కన్ను మెరుపు తగ్గితే కన్నీరు ఎండుతోందేమో. డాక్టరు కింది రెప్పలో పెట్టి కన్నీరు కొలిచే షిర్మర్ కాగితం ఒక నిమిషంలో 15 మిల్లీమీటర్లైనా తడవాలి.

హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనూ చూపించుకోవచ్చు. రెండు రకాల చుక్కలు రాస్తే మధ్యలో 5 నిమిషాలు ఆగు, ఆయింట్‌మెంట్ ఆఖర్న. సీసా మొన కంటికి తగలకూడదు. మెడకు కట్టిన కోన్ జాలిపడి తీయకు, ఒక్కసారి కాలితో గోకితే చాలు గాయం మళ్లీ మొదటికొస్తుంది.

ఈలోపు నల్లగుడ్డు మీద నీలిమబ్బులా కమ్మినా, కన్ను పూర్తిగా మూసేసినా తెల్లారేదాకా ఆగొద్దు.