రెండు కాలాల్లో నడిచే దెయ్యం కథలు అంతగా ఎందుకు పట్టేస్తాయి?

మామూలు హారర్ కంటే, అప్పటి కథా ఇప్పటి కథా కలిసి నడిచే అతీంద్రియ థ్రిల్లర్లే ఎక్కువ మందికి ఎందుకు నచ్చుతాయని అడిగారు. నా సమాధానం మా అమ్మమ్మ దగ్గర మొదలవుతుంది.

అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెరువుగట్టు మీద పేరంటాలమ్మ గుడి ఉంది. చిన్న గది, లోపల పసుపు రాసిన రాయి, దానికి చుట్టిన చీర, గాజులు. అకాలంగా పోయిన ముత్తయిదువను ఇలా దేవతగా నిలుపుకోవడం మన పల్లెల్లో చాలాచోట్ల ఉన్నదే. ఎండాకాలం సెలవుల్లో డాబా మీద పడుకున్నప్పుడు అమ్మమ్మ ఆవిడ కథ చెప్పేది. తను చూసింది కాదు, తన అత్తగారు కళ్లారా చూసి చెప్పింది. ఒకరోజు మధ్యలో ఆగి, "పొద్దున నువ్వు చేద వేసి నీళ్లు తోడావే, ఆ బావే" అంది.

అప్పటిదాకా లేని భయం ఒక్కసారిగా పట్టుకుంది. తెల్లారగానే వెళ్లి చూశాను. బావి గట్టు రాళ్ల మీద చేంతాడు ఒరుసుకుని వేలు పట్టేంత గాడులు పడి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఎంతమంది తోడితే పడ్డాయో! వాటిలో ఆవిడ తాడు ఒరిపిడి కూడా ఉంటుంది కదా అనిపించి వేలు వెనక్కి తీసుకున్నాను.

2009లో థియేటర్లో 'అరుంధతి' చూసినప్పుడు మళ్లీ అదే గుబులు. గద్వాల సంస్థానం, అక్కడి జేజమ్మ, ఆవిడ సమాధి చేయించిన మాంత్రికుడు పశుపతి. గ్రాఫిక్స్ గురించే అందరూ మాట్లాడారు కానీ, నన్ను కట్టిపడేసింది చంద్రమ్మ. జేజమ్మను ఎరిగిన ఆ ముసలావిడ, అచ్చం జేజమ్మలాగే ఉన్న పిల్లకు ఆ కథ చెబుతుంది. దెయ్యం కథ కాకపోయినా, 1964 నాటి 'మూగ మనసులు'లోనూ అంతే. గోదావరి ఒడ్డున సమాధుల దగ్గర పోయిన జన్మ కథ చెప్పేది అదంతా కళ్లారా చూసి, ఇప్పుడు ముసలిదైపోయిన గౌరే. అదే 2009లో వచ్చిన 'మగధీర'లో చేయి తగలగానే పాత జన్మ కదులుతుంది. అదీ బాగుంటుంది, కాదనను. కానీ చూసిన మనిషి నోటి నుంచి వినడంలో ఉన్న బరువు దానికి లేదు. రెండు కాలాలనూ ఒంటి మీద మోస్తున్న మనిషి ఎదురుగా ఉంటే, పాతది పాతదిగా ఉండదు.

ఇక థ్రిల్లర్ సంగతి. 'విరూపాక్ష' 1979లో మొదలవుతుంది. చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో రుద్రవనం ఊరివాళ్లు ఓ జంటను తగలబెడతారు. అక్కడి నుంచి కథ 1991కి వస్తుంది, సరిగ్గా ఒక పుష్కరం. సూర్య అనే కథానాయకుడు ఆ ఊళ్లో హాయిగా తిరుగుతుంటాడు. ఆ ఊరికి ఓ బాకీ ఉందని మనకు తెలుసు, అతనికి తెలీదు. టెన్షన్ అంతా అందులోనే ఉంది. అందుకే ఇంటర్వెల్ దాకా ఏమీ చెప్పకుండా, తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మొత్తం ఒక్కసారే కుమ్మరించే సినిమాలు నాకు నచ్చవు. గతం అక్కడ జవాబు చెప్పడానికి మాత్రమే వస్తుంది. ముందు నుంచీ పక్కనే నడిస్తేనే భయం.

ఇంకోటి, ఈ కథల్లో దెయ్యానికి కారణం ఉంటుంది. ఎవరో ఎవరికో అన్యాయం చేశారు, ఎవరూ అడగలేదు. పేరంటాలమ్మకు చీర పెట్టేటప్పుడు అమ్మమ్మ ముఖంలో భయం కంటే ఎక్కువగా కనిపించింది ఆ బాధే.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. బావికి మోటారు బిగించి, పైన ఇనుప జాలీ వేశారు. మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు ఆ గాడిలో వేలు పెట్టి, "దీన్ని ఎవరు కోశారు పిన్నీ?" అని అడిగింది. చీకటి పడ్డాక డాబా మీద చెబుతానన్నాను.