చిన్నాకు, ఇంటర్వ్యూకి ముందు

బెంగళూరు

చిన్నా,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఆన్‌లైన్ టెస్ట్ పాసయ్యావని, వచ్చే నెల ఒకే రోజు నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ పెట్టారని అక్క చెప్పింది. చాలా సంతోషంగా ఉంది. ఏం చదవాలి పిన్నీ అని మెసేజ్ పెట్టావు. చదవాల్సింది నీకు తెలుసు, లీట్‌కోడ్ సైట్‌లో కోడింగ్ ప్రశ్నలు రోజూ చేస్తూనే ఉన్నావు. చాలా ఏళ్లుగా నేను ఇంటర్వ్యూ చేసేవాళ్ల వైపు కూర్చుంటున్నాను. అటు వైపు ఏం జరుగుతుందో చెబుతాను, అది నీకు ఎక్కువ పనికొస్తుంది.

నీతో మాట్లాడిన మనిషి ఆ గంట అయ్యాక ఒక రిపోర్టు రాయాలి. ఏం అడిగారు, నువ్వేం అన్నావు, ఎక్కడ ఆగావు, హింట్ ఇస్తే అందుకున్నావా, అన్నీ అందులో ఉండాలి. చాలా పెద్ద కంపెనీల్లో తన రిపోర్టు ఇచ్చేదాకా మిగతావాళ్లు రాసింది చూడనివ్వరు. తర్వాత అందరూ కూర్చుని తేలుస్తారు. అమెజాన్‌లో ఆ టీమ్‌తో సంబంధం లేకుండా, ఎంపిక స్థాయి తగ్గకుండా చూసే 'బార్ రైజర్' ఒకరు ఆ మీటింగ్‌లో ఉంటారు. గూగుల్‌లో అయితే నీ ముఖం కూడా చూడని కమిటీ ఆ రిపోర్టులు చదివి నిర్ణయిస్తుంది. నీ బుర్రలో ఎంత మంచి ఆలోచన ఉన్నా, నోటితో చెప్పకపోతే అది రిపోర్టులోకి ఎక్కదు.

మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్రశ్న వినగానే తల వంచుకుని, ఒక్క మాట లేకుండా ఇరవై నిమిషాలు రాసేస్తారు. కోడ్ కరెక్టే ఉంటుంది. అది బట్టీ పట్టిందో, అప్పటికప్పుడు ఆలోచించిందో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? చివరి లైన్లు పూర్తి చేయలేకపోయినా, ప్రతి అడుగూ చెబుతూ వెళ్లినవాళ్ల గురించి నేను ఇష్టంగా పేజీలు రాశాను. వాళ్లలో కొందరు ఇప్పుడు మా పక్క సీట్లలోనే పనిచేస్తున్నారు.

అందరికీ తెలిసిన ప్రశ్నే తీసుకో. కొన్ని నంబర్లు ఇచ్చి, ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమంటారు. వెంటనే కీబోర్డు మీద చెయ్యి పెట్టకు. ఎన్ని నంబర్లు, వరుసలో ఉన్నాయా, నెగటివ్‌లు ఉంటాయా, ఒకటే నంబరు రెండుసార్లు రావచ్చా, జవాబు లేకపోతే ఏం ఇవ్వాలి, ఇవన్నీ అడుగు. ప్రశ్నను కావాలనే సగం చెప్పి వదిలేస్తారు, నువ్వు అడుగుతావా లేదా అని. తర్వాత తేలిక పద్ధతి ముందు చెప్పు: ప్రతి జతనీ చూస్తాను, లక్ష నంబర్లకు దాదాపు 500 కోట్ల జతలు అవుతాయి, ఇది కుదరదు. అప్పుడు హాష్ మ్యాప్‌కి రా, అంటే చూసిన నంబర్లను దాచుకుని అడగ్గానే వెతికిచ్చే పట్టిక. ఒక్కసారి తిరిగితే సరిపోతుంది, దానికి బదులు మెమరీ ఖర్చవుతుందని కూడా నువ్వే చెప్పు. ఈ నాలుగు మాటలు ఒక్క నిమిషం పని. రిపోర్టు రాసేవాళ్లకు మాత్రం అదే అసలు సరుకు.

కోడ్ అయిపోయాక 'డన్' అని వెనక్కి వాలకు. ఖాళీ అరే (నంబర్ల వరుస), ఒకే నంబరు, మరీ పెద్ద నంబరు పెట్టి, పైకి చదువుతూ చూసుకో. వెతికే చోటును ప్రతిసారీ సగం చేసుకుంటూ పోయే బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం మొదటి, చివరి స్థానాలు (లో, హై) కలిపి రెండుతో భాగిస్తాం కదా. అరే చాలా పెద్దదైతే ఆ కూడిక 'ఇంట్' అనే పూర్ణాంకం పట్టే హద్దు 2,14,74,83,647 దాటి నెగటివ్ అయిపోతుంది. జావా లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే 2006లో దాని గురించి అందరికీ చెప్పాడు. అంతటివాళ్లకే జరిగినప్పుడు నీ కోడ్‌లో బగ్ వస్తే ఎవరూ నిన్ను తక్కువ చేయరు. దాన్ని నీ అంతట నువ్వు పట్టుకుంటే మార్కులు పెరుగుతాయి కూడా.

ప్రాజెక్టు గురించి చెప్పేటప్పుడు 'మేము చేశాం' అనే అలవాటు మానెయ్. మన ఇళ్లలో అది మర్యాద. ఇంటర్వ్యూలో మాత్రం టీమ్ చేసిందాంట్లో నీ వాటా ఎంతో ఎదుటివాళ్లకు తెలియదు. 'ఆ క్వెరీ స్లోగా ఉందని నేను గమనించాను, ఈ ఇండెక్స్ నేను పెట్టాను' అను. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, జరిగింది చెప్పడం. నిజంగా నీకు జరిగిన సంగతులు నాలుగైదు ఇలా సిద్ధం చేసుకో: ఒక గొడవ, ఒక ఆలస్యం, మేనేజర్‌తో విభేదించిన సందర్భం. రెజ్యూమెలో కాఫ్కా లాంటి సాఫ్ట్‌వేర్ పేరు ఉంటే దాని మీద పావుగంట మాట్లాడగలగాలి, లేకపోతే ఇవాళే తీసెయ్.

ఇంగ్లీష్ గురించి భయపడకు. బెంగళూరులో నిన్ను అడిగేవాళ్ల ఇంగ్లీష్‌లోనూ తమిళమో, కన్నడమో, హిందీయో వినిపిస్తూనే ఉంటుంది. యాస ఎవరూ పట్టించుకోరు, ఆగిపోవడమే ఇబ్బంది. రోజూ ఒక ప్రాబ్లమ్‌ని ముందు తెలుగులో గట్టిగా వివరించు, తర్వాత అదే ఇంగ్లీష్‌లో. పజిల్స్ పీడీఎఫ్ ఎవరో పంపారన్నావు, దాన్ని పక్కన పడెయ్. అలాంటి పజిల్స్ వల్ల ఉపయోగం లేదని గూగుల్ హెచ్‌ఆర్ అధిపతిగా ఉన్న లాజ్లో బాక్ 2013లోనే చెప్పాడు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మారతహళ్లి పీజీల్లో నీ ఫ్రెండ్స్ ఎవరైనా దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీ గురించో, నీ బదులు ఇంటర్వ్యూ ఇచ్చే ప్రాక్సీ గురించో చెబితే వినకు. యూఏఎన్‌లో, అంటే ఉద్యోగం మారినా మారని నీ పీఎఫ్ నంబరు రికార్డులో, నువ్వు ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో అంతా ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది చూస్తారు. చేరిన తర్వాత దొరికినా ఉద్యోగం పోతుంది. నీ రెండేళ్ల అనుభవం నిజమైనది, అది చాలు.

ఆఫర్ కాగితం చేతికొచ్చేదాకా రిజైన్ చెయ్యకు, నీకు తొంభై రోజుల నోటీసు ఉంది. సీటీసీలో, అంటే ఏడాది మొత్తం ప్యాకేజీలో, స్టాక్ ఎంత, అది ఏ ఏడాది ఎంత చేతికొస్తుంది, మధ్యలో మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కి కట్టాలా, ఇవి రిక్రూటర్‌ని అడగడానికి మొహమాటపడకు. ఉద్యోగం రాకపోతే సాధారణంగా కారణం చెప్పరు. చాలాచోట్ల ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అప్లై చేయనిస్తారు.

ఆఫీసుకే రమ్మంటే ముందు రోజే మా ఇంటికి వచ్చెయ్. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ని నమ్మలేం, పొద్దున ఏడున్నరకే బాబాయి నిన్ను బెల్లందూరులో దింపుతారు. ఈలోగా ఆదివారం సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ పెట్టుకుందాం. ప్రశ్న నేనిస్తాను, నువ్వు ఒక్క క్షణం కూడా మ్యూట్‌లో ఉండకూడదు. అయ్యాక నీ గురించి నేను ఏం రాసేదాన్నో ఆ రిపోర్టు నీకే పంపిస్తాను.

మీ పిన్ని