పీఎఫ్ వచ్చింది, వితంతు పెన్షన్ ఎందుకు రాలేదు?

మీ వారు ఉద్యోగంలో ఉండగా చనిపోయాక మీరు ఫారం 20 ఒక్కటే ఇచ్చినట్టున్నారు. దానితో వచ్చేది పీఎఫ్ నిల్వ మాత్రమే. పెన్షన్‌కు ఫారం 10డి విడిగా పెట్టాలి, దానంతటదే మొదలవదు.

ఆరేళ్ల సర్వీసే కాబట్టి పెన్షన్ రాదని మీ వారి ఆఫీసులో చెప్పారన్నారు కదా, అది తప్పండి. పదేళ్ల నిబంధన బతికుండగా రిటైరయ్యే వాళ్లకు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఈపీఎస్‌కు (ఉద్యోగుల పెన్షన్ పథకానికి) ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పెన్షన్ హక్కు ఉంది. చాలామంది ఇక్కడే వదిలేసుకుంటారు.

1. ఫారం 10డి నింపండి. పిల్లల వివరాలు తప్పకుండా రాయండి: ఒకేసారి ఇద్దరికి, 25 ఏళ్లు వచ్చేదాకా, మీ పెన్షన్‌లో 25 శాతం చొప్పున వస్తుంది.
2. మరణ ధ్రువపత్రం, ఆధార్, పిల్లల వయసు రుజువులు, మీ ఒక్కరి పేరున్న బ్యాంకు ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు జత చేయండి. పేర్లలో అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించండి, లేకపోతే ఫైలు తిరిగొస్తుంది.
3. యజమాని సంతకం చేయించండి. కంపెనీ మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి గానీ బ్యాంకు మేనేజరు గానీ ధ్రువీకరించవచ్చు.
4. పనిలో పనిగా ఫారం 5ఐఎఫ్ కూడా ఇవ్వండి. అది ఈడీఎల్ఐకు, అంటే ఉద్యోగంలో ఉండగా చనిపోయిన పీఎఫ్ సభ్యుల కుటుంబానికి వచ్చే బీమాకు. గరిష్ఠంగా 7 లక్షల రూపాయలు, మీరు దాని ఊసే ఎత్తలేదు!

అన్నిటికీ రసీదు తీసుకోండి.