ఆట పిల్లలతో, బేరం పెద్దలతో

ప్రశ్న: నేను కాకినాడలో బీబీఏ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. పిల్లల కోసం రాగి మాల్ట్, పళ్ళరసాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో వేసవిలో ఇంటర్న్‌షిప్ చేశాను. అపార్ట్‌మెంట్లలో, ఎగ్జిబిషన్లలో పిల్లలతో బొమ్మలు వేయించడం, ఆటలు ఆడించడం, చివర్లో డ్రింక్ రుచి చూపించడం నా పని. నాకు చాలా నచ్చింది. డిగ్రీ అయ్యాక వచ్చి చేరమంటున్నారు. హౌస్ సర్జన్సీ చేస్తున్న మా అన్నయ్య మాత్రం "ఆరోగ్యం పేరు చెప్పి పిల్లలకి చక్కెర అమ్మే పని" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఇది కెరీర్ అవుతుందా? అవుతుందంటే ఇంకా ఏం చదవాలి?

జవాబు: కెరీర్ అవుతుంది. అయితే మీరు చేసిన పనికి ఇదీ అని ఒక ఉద్యోగం పేరు లేదు. పెద్ద కంపెనీలో అది బ్రాండ్ మేనేజర్ పనిలో ఒక ముక్క. ఈవెంట్లు చేసే ఏజెన్సీలో దాన్నే 'యాక్టివేషన్' అంటారు. డిజైన్ స్టూడియోలో ప్యాకేజింగ్ అనో, గేమ్ డిజైన్ అనో అంటారు. చిన్న కంపెనీలో అయితే ఇవన్నీ ఒక్కరే చేస్తారు, సాయంత్రం మిగిలిన డబ్బాలు లెక్కపెట్టి ఆటో ఎక్కించేది కూడా వాళ్ళే. వీటిలో మీకు ఏది నచ్చిందో తేల్చుకుంటే ఏం చదవాలన్నది తేలిపోతుంది.

ముందు మీ అన్నయ్య సంగతి. ఆయన మాటకి నొచ్చుకోకుండా ఒక లెక్క వేయండి. పళ్ళలో, పాలలో సహజంగా ఉండేది కాక విడిగా శరీరంలోకి వెళ్ళే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 1,600 కిలోకేలరీలు అవసరమైన పిల్లవాడికి 5 శాతం అంటే 20 గ్రాములు, సుమారు 5 టీస్పూన్లు. ఇప్పుడు మీ కంపెనీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. 100 మిల్లీలీటర్లకి 12 గ్రాముల చక్కెర అని ఉంటే, 200 మిల్లీలీటర్ల ప్యాకెట్ ఒక్కటి తాగగానే 24 గ్రాములు. పొద్దున్న పాలలో వేసిన పంచదార, సాయంత్రం బిస్కెట్లు ఇంకా లెక్కలోకే రాలేదు. చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. పండు కొరికి తింటే ఈ లెక్కలోకి రాని చక్కెర, రసం తీసేసరికి వచ్చేస్తుంది. "మేం విడిగా పంచదార కలపలేదు" అన్నంత మాత్రాన పళ్ళరసాన్ని ఎంతైనా తాగించవచ్చని కాదు.

రాగి మాల్ట్‌కీ ఇలాంటి లెక్కే ఉంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ధాన్యాల్లో అది చాలా ఎక్కువ. అందుకే అందరూ ఆ మాటే ప్యాకెట్ మీద పెద్దగా వేస్తారు. కానీ గ్లాసులో పడే పొడిలో రాగులు 5 గ్రాములే అయితే వాటి నుంచి వచ్చేది 18 మిల్లీగ్రాములు. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలన్నది నిబంధన. మొదటి పేరు పంచదారదీ, మూడోది రాగులదీ అయితే అది రాగి రుచి ఉన్న పంచదార. రాగి కంకి బొమ్మ వేసి దాన్ని ప్రత్యేకంగా చూపించినప్పుడు అందులో రాగులు ఎంత శాతమో కూడా లేబుల్ మీద రాయాలి. రాయకపోతే, ఎందుకు రాయలేదని అడగండి. ఈ పరీక్షలో ప్యాకెట్ తప్పితే అన్నయ్యదే కరెక్ట్, మీరు ఎంత చక్కగా ఆడించినా సరే. నెగ్గితే మాత్రం మీరు చేస్తున్నది పనికొచ్చే పని. ఎందుకంటే మంచి డ్రింక్ పిల్లల చేత తాగించడం ఎంత కష్టమో ఇంట్లో రాగిజావ కాచే ప్రతి తల్లికీ తెలుసు.

ఆటకీ, అమ్మకానికీ సంబంధం ఎక్కడ ఉండాలన్నది అసలు ప్రశ్న. 1930లలో అమెరికాలో ఓవల్టీన్ అనే మాల్ట్ పొడి కంపెనీ పిల్లల రేడియో సీరియల్ ఒకటి స్పాన్సర్ చేసేది. ఎపిసోడ్ చివర్లో రహస్య సంకేతంలో ఒక కబురు చెప్పేవాళ్ళు. అది విప్పడానికి ఒక బ్యాడ్జి కావాలి. ఆ బ్యాడ్జి రావాలంటే ఓవల్టీన్ డబ్బా మూత కింద ఉండే సీలు పోస్టులో పంపాలి. మార్కెటింగ్ క్లాసుల్లో దీన్ని తెలివైన ఆలోచనగా చెప్తారు. తెలివైనదే, కానీ ఆట మొత్తాన్ని డబ్బాలో పెట్టి తాళం వేశారు. కొనలేని ఇంట్లో పిల్ల ఆ ఆటకి బయటే ఉండిపోతుంది, కొనగలిగిన ఇంట్లో పిల్ల అమ్మ కొంగు పట్టుకుని పీడిస్తుంది.

మన దగ్గర రస్నా ప్రకటనలు గుర్తు చేసుకోండి. మీ వయసుకి తెలియకపోతే ఇంట్లో అడగండి. "ఐ లవ్ యూ రస్నా" అన్న ముద్దు మాట పిల్లలది. 5 రూపాయల ప్యాక్‌తో 32 గ్లాసులు అన్న లెక్క తల్లిది. రస్నా పాపగా కనిపించిన అంకిత తర్వాత తెలుగులో హీరోయిన్ అయింది కాబట్టి మనవాళ్ళకి ఆ పాపే బాగా గుర్తుంది. నన్నడిగితే ఆ ప్రకటనకి వెన్నెముక 32 గ్లాసులే. రస్నా ఆరోగ్యానికి మంచిదని అనడం లేదు. పిల్లలతో మాట్లాడే మాట, పెద్దలతో మాట్లాడే మాట రెండూ వేరని ఆ ప్రకటన తీసినవాళ్ళకి తెలుసు అంటున్నాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది కూడా అదే. ఆట పిల్లలతో ఆడండి, బేరం మాత్రం పెద్దలతోనే చేయండి. మీరు ఆడించిన ఆట నుంచి డ్రింక్ తీసేసినా ఆట మిగలాలి. కొననివాళ్ళ పిల్లలు కూడా ఆడి, నవ్వుకుంటూ వెళ్ళాలి. డ్రింక్ ఎందుకు కొనాలో చెప్పాల్సింది పక్కన నిలబడిన అమ్మకో, నాన్నకో, తాతయ్యకో. అది కూడా లేబుల్ చూపించి. ఇది నీతి కోసమే చెప్పడం లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో 63 మంది చిన్నపిల్లలకి ఒకే తిండిని రెండు రకాల ప్యాకింగుల్లో ఇచ్చారు, ఒకటి మామూలుది, ఒకటి మెక్‌డొనాల్డ్స్‌ది. బ్రాండ్ ప్యాకింగ్‌లో ఉన్నదే ఎక్కువ రుచిగా ఉందని ఎక్కువమంది చెప్పారు. క్యారెట్లు, పాలు కూడా అలాగే! మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల నాలుక మీద బొమ్మ పనిచేస్తుందన్నమాట. మీ చేతిలో ఉన్న పనిముట్టు అంత పదునైంది. క్యారెట్‌ని రుచిగా అనిపించేలా చేసేదీ అదే, చక్కెర నీళ్ళని అమృతం అనిపించేదీ అదే.

చట్టం కూడా ఈ వైపుకే నడుస్తోంది. 2021 జులై నుంచి అమల్లో ఉన్న కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నిబంధనల ప్రకారం చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న పదార్థాలను బడిలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు. రేపు మీ మేనేజర్ "ఆ స్కూల్ బయట ఒక స్టాల్ వేద్దాం" అన్నప్పుడు ఇది గుర్తుండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల్లో పిల్లలకి బహుమతుల ఆశ చూపి అవసరం లేని వస్తువు కొనిపించే ప్రకటనల ప్రస్తావన కూడా ఉంది. పిల్లల పేరు, ఫోన్ నంబరు, ఫోటో తీసుకుని పోటీలు పెడుతుంటారు చూడండి, దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. వాళ్ళని గురిపెట్టి ఆన్‌లైన్ ప్రకటనలు చూపడాన్నీ ఆ చట్టం ఒప్పుకోదు.

ఇక 'ఆరోగ్య పానీయం' అన్న మాట. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, మాల్ట్ పొడుల్లాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' విభాగం నుంచి తీసేయమని ఈ-కామర్స్ సైట్లకి చెప్పింది, ఎందుకంటే మన ఆహార చట్టంలో ఆ మాటకి నిర్వచనమే లేదు. దశాబ్దాలుగా ఆ మాట మీదే బతికిన బ్రాండ్లు ఉన్నాయి. మరుసటి ఏడాది అక్టోబరులో ఇంకో దెబ్బ. విరేచనాలైనప్పుడు తాగించే అసలు ఓఆర్‌ఎస్ ఫార్ములా కాని తీపి పానీయాల పేర్లలో 'ఓఆర్‌ఎస్' అన్న అక్షరాలు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది. కాబట్టి ఒక మాట మీద కెరీర్ కట్టుకోకండి. పోస్టర్ మీద ఏ మాట వేయొచ్చో, ఏది వేయకూడదో తెలిసిన మార్కెటింగ్ మనిషి ఈ రంగంలో తక్కువ, అందుకే విలువ ఎక్కువ. ఆహార భద్రతా సంస్థ లేబులింగ్ నిబంధనలు, ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి రెండూ ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా చదవండి. నిద్ర వస్తుంది, అయినా చదవండి.

ఆటల సంగతికి వస్తే, వైకుంఠపాళిలో కూల్‌డ్రింక్‌ని పాముగా, రాగిజావని నిచ్చెనగా వేయడం అందరికీ తట్టే ఆలోచన. పిల్లలు రెండో ఆటకే విసుగెత్తి లేచిపోతారు. ఆటలో పాఠం దాచారని వాళ్ళు ఇట్టే పసిగడతారు. దానికన్నా డ్రింకే ఆట అయితే బాగుంటుంది. ఎండబెట్టిన శంఖపుష్పాలు వేడినీళ్ళలో నానబెడితే నీలం రంగు వస్తుంది. అందులో నిమ్మచెక్క పిండితే కళ్ళముందే ఊదా రంగులోకి మారుతుంది, పులుపుకి ఆ పువ్వు రంగు స్పందించే తీరు అది. సబ్జా గింజలు నీళ్ళలో వేసి, ఎన్ని నిమిషాల్లో ఉబ్బుతాయో పందెం వేయించండి. తను కలిపిన గ్లాసుకి తనే పేరు పెట్టి, లేబుల్ తనే గీసుకున్న పిల్ల, ఇంట్లో తాగనిది కూడా ఒక గుక్క తాగి చూస్తుంది. పెద్దవాళ్ళని అడగకుండా ఏ పిల్ల చేతికీ గ్లాసు ఇవ్వకండి, అలర్జీలు ఉంటాయి. ఇంటి ఆట వేరు, సీసాలో పోసి అమ్మడం వేరు అన్నది కూడా మరవకండి. అమ్మాలంటే ప్రతి పదార్థానికీ అనుమతి ఉందో లేదో చూడాల్సిందే.

ఇప్పుడు చదువు. బ్రాండ్, ప్రకటనల వైపు వెళ్ళాలనుకుంటే అహ్మదాబాద్‌లోని మైకా మంచి చోటు. క్యాట్ లాంటి మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష స్కోరుతోపాటు వాళ్ళ సొంత పరీక్ష మైక్యాట్ కూడా రాయాలి. ఫీజు ఎక్కువ. ఆ భారం వద్దనుకుంటే రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి విశ్వవిద్యాలయ ఎంబీఏలో మార్కెటింగ్ తీసుకోండి, రెండేళ్ళలో వేసవి ప్రాజెక్టులు మాత్రం ఆహార కంపెనీల్లోనే చేయండి. ఆటలు తయారుచేయడమే మీకు ఎక్కువ నచ్చిందనుకుంటే జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) ఉంది. ప్రవేశ పరీక్ష డాట్. మూడేళ్ళ డిగ్రీ వాళ్ళకి ఉండే షరతులు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఆ సీటు కోసం బొమ్మలు బాగా వేయడం కన్నా బాగా గమనించడం ముఖ్యం. అటు వెళ్ళేముందు ఒకసారి ఏటికొప్పాక వెళ్ళి, అంకుడు కర్రతో లక్క బొమ్మలు ఎలా చేస్తారో చూసి రండి, మీకు దగ్గరే. పోషకాహారంలో ఎంఎస్సీ చేద్దామంటే సైన్స్ డిగ్రీ అడుగుతారు, బీబీఏతో ఆ దారి కష్టం. ఇది చదువుతున్న ఇంటర్ పిల్లలకి మాత్రం దారులు తెరిచే ఉన్నాయి. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ బీటెక్ ఉంది, డిజైన్ కావాలంటే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ చేయవచ్చు.

ఎంబీఏకి ముందు ఒక ఏడాది ఉద్యోగం చేస్తానంటే నేను వద్దనను. కాకపోతే ఈవెంట్లతో పాటు అమ్మకాల పని కూడా ఇమ్మని అడగండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్టాకు చూడటం, బీట్‌కి (సేల్స్ మనిషికి కేటాయించిన కొట్ల వరుసకి) వెళ్ళి కిరాణా కొట్లు తిరగడం, ఫ్రిజ్‌లో ఏ అరలో పెడితే అమ్ముడవుతుందో గమనించడం, ఎక్స్‌పైరీ డబ్బాలు వెనక్కి తీసుకోవడం. మే నెల ఎండలో ఇది సరదాగా ఏమీ ఉండదు. కానీ ఈవెంట్‌లో 200 మంది పిల్లలు నవ్వారన్న లెక్కకీ, రెండో వారం ఎన్ని ఇళ్ళు మళ్ళీ కొన్నాయన్న లెక్కకీ తేడా అక్కడే తెలుస్తుంది. మీ రెజ్యూమేలో రెండో లెక్క రాయగలిగితే ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఆ కంపెనీవాళ్ళని మూడు విషయాలు అడగండి. పోస్టర్ల మీద ఆరోగ్యం గురించి రాసే మాటల్ని ఎవరు సరిచూస్తారు? కంపెనీలో ఫుడ్ టెక్నాలజిస్టో, డైటీషియనో ఉన్నారా, లేక మొత్తం డిజైనర్ ఇష్టమేనా? మీ ఇన్సెంటివ్ దేని మీద లెక్కేస్తారు, ఎంతమంది పిల్లల చేత తాగించారన్న దాని మీదా, ఎంతమంది తల్లులు తిరిగి కొన్నారన్న దాని మీదా? చివరి ప్రశ్నకి వచ్చే జవాబు కాగితం మీద రాసిమ్మనండి. తటపటాయిస్తే ఐసెట్‌కి ప్రిపేర్ అవుతూ, ఏదైనా డెయిరీ కంపెనీలో సేల్స్ ట్రైనీ ఉద్యోగం చూసుకోండి. ఫ్లేవర్డ్ మిల్క్, మజ్జిగ, లస్సీ అమ్మే డెయిరీలు రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి, వేసవికి ముందు వాటికి మనుషులు కావాలి.