వెనక స్వే బార్: లావు చూసి కొనకండి

పాఠకుల ప్రశ్నలకు మా సాంకేతిక బృందం జవాబులు

ప్రశ్న: నాది ముందు ఇంజను, వెనక చక్రాలకు పవర్ వెళ్లే స్పోర్ట్స్ కారు. ట్రాక్ మీద మలుపు మధ్యలో ముందు టైర్లు జారి బండి బయటికి పోతోంది. కంపెనీ వాళ్లు ఇచ్చిన వెనక స్వే బార్ (మలుపులో బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలిపే కడ్డీ) లావు 14 మి.మీ. అడ్జస్టబుల్ బార్లు (చివర్లలోని రంధ్రం మార్చి గట్టిదనం మార్చుకోగలవి) 16లోనూ 18లోనూ దొరుకుతున్నాయి. రెండింటికీ తేడా 2 మి.మీ.లే కదా, ఏకంగా 18 వేసేస్తే?

జవాబు: కొలతలో తేడా 2 మి.మీ.లే గానీ పనిలో చాలా ఉంది. నిండు బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. ఆకారం, పొడవు అవే అనుకుంటే 14 నుంచి 16కి వెళ్లగానే గట్టిదనం సుమారు 1.7 రెట్లవుతుంది. 18కి వెళ్తే 2.7 రెట్లు.

ఇక రంధ్రాల సంగతి. బార్ మెలి తిరిగే నడిమి భాగం నుంచి లింక్ (బార్ చివరను సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ) తగిలించే రంధ్రం దాకా ఉండే దూరమే బార్ చేయి పొడవు. అది తగ్గితే గట్టిదనం పెరుగుతుంది, అదీ వర్గం లెక్కన. చేయి 220 మి.మీ. నుంచి 200కి తగ్గితే సుమారు 21 శాతం, 180కి తగ్గితే దాదాపు 50 శాతం పెరుగుతుంది. అంటే చిట్టచివరి రంధ్రం మెత్తనిది, వంపుకు దగ్గరగా ఉన్నది గట్టిది. దీన్ని తిరగేసి అనుకుని బిగించేవాళ్లు తక్కువేం లేరు.

ఇప్పుడు రెండు లెక్కలూ కలిపి చూడండి. మీ పాత బార్ చేయి 220, కొత్త బార్ల మూడు రంధ్రాలు 220, 200, 180 అనుకుంటే, 16 బార్ వాటిలో పాతదానికి 1.7, 2.1, 2.5 రెట్లు ఇస్తుంది. 18 బార్ తన అతి మెత్తని రంధ్రంలోనే 2.7 దగ్గర మొదలవుతుంది. ఎన్ని రంధ్రాలున్నా అక్కణ్నుంచి కిందికి దిగే దారి లేదు. మొత్తం వెనక సస్పెన్షన్ గట్టిదనంలో స్ప్రింగుల వాటా కూడా ఉంటుంది కాబట్టి బండిలో తెలిసే మార్పు ఈ అంకెలంత ఉండదు. అయినా బార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఈ లెక్క చాలు. అమ్మేవాళ్లను ఎన్ని మిల్లీమీటర్లని కాదు, మెత్తని రంధ్రంలో కంపెనీ బార్ కంటే ఎంత శాతం గట్టిదని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకో చోట చూసుకోండి.

మీ బండికి మా మాట 16. ఎందుకంటే వెనక బార్ ముందు టైర్లకు కొత్తగా పట్టు తెచ్చిపెట్టదు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి ఎంత బరువు మళ్లాలో బండి బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తిరిగే జోరు తేలుస్తాయి. బార్ దాన్ని తగ్గించలేదు. అందులో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్న పంపకం మాత్రమే దాని చేతిలో ఉంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కాబట్టి ఒక జతలో బరువు బయటి టైరు మీదికి ఎంత ఎక్కువ మళ్లితే ఆ జత మొత్తం పట్టు అంత తగ్గుతుంది. వెనక బార్ గట్టిపడితే ముందు జతకు ఆ భారం కాస్త దిగుతుంది, వెనక జత పట్టు కాస్త కోసుకుపోతుంది. మోతాదు మించితే, మలుపులో యాక్సిలరేటర్ వదిలిన క్షణాన బండి తోక తిప్పేస్తుంది.

ఇంకో చిక్కు డిఫరెన్షియల్, అంటే ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల అమరిక. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా అదుపు చేసే ఏర్పాటు) లేని మామూలు డిఫరెన్షియల్ అయితే, గట్టి వెనక బార్ వల్ల లోపలి వెనక చక్రం తేలికై, మలుపు నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కగానే ఊరికే తిరుగుతుంది. మధ్యలో సంపాదించిన సమయం అక్కడ పోతుంది.

బార్ కొనేలోపు, ముందు చక్రాల క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకు వాలిన కోణం), టైర్ల గాలి చూసుకోండి. ముందు టైర్లలో బయటి అంచు మాత్రమే అరిగి ఉంటే వాటికి నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) చాలడం లేదన్నమాట. ఆ జబ్బుకు వెనక బార్ మందు కాదు.

ప్రశ్న: బోలు బార్ తేలిక అంటున్నారు. గట్టిదనం తగ్గదా?

జవాబు: తగ్గుతుంది, కానీ బరువు తగ్గినంత కాదు. 22 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. గోడ మందం ఉన్న బోలు బార్‌కి అదే లావున్న నిండు బార్ గట్టిదనంలో 72 శాతం ఉంటుంది, బరువు మాత్రం 47 శాతమే. మెలికలో పని చేసేది ఎక్కువగా బయటి పొరలే కావడం దీనికి కారణం. అందుకే గోడ మందం తెలియకుండా బోలు బార్‌నీ నిండు బార్‌నీ లావు పట్టి పోల్చడం వృథా.

ప్రశ్న: కారు ఎత్తు 25 మి.మీ. తగ్గించి, అడ్జస్టబుల్ వెనక బార్ వేయించాను. నెమ్మదిగా గతుకుల మీద పోతుంటే టక్ టక్‌మంటోంది. పైగా ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా ఉంటోంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు.

ఎడమకూ కుడికీ తేడా వస్తోందంటే బార్ నిలబడి ఉన్నప్పుడే మెలితిరిగి ఉందని ముందు అనుమానించాలి. ఎత్తు తగ్గించిన బండికి పొడవు మార్చుకోగల ఎండ్ లింకులు వేసుకోవడం మేలు. మొదట రెండు లింకులూ విప్పి బార్‌ని చేత్తో పైకీ కిందికీ ఆడించండి. బుష్‌లలో (బార్‌ని పట్టి ఉంచే తొడుగుల్లో) అది సాఫీగా తిరగాలి. ఎక్కడ వదిలితే అక్కడే బిగుసుకుని నిలిచిపోతుంటే బుష్ ఇరుకైనా అయ్యుండాలి, గ్రీజు లేకపోయినా అయ్యుండాలి. తర్వాత ఒక వైపు లింక్ బిగించండి. కారుని చదునైన నేల మీద నాలుగు చక్రాలపై నిలబెట్టి, ముందుకీ వెనక్కీ కాస్త దొర్లించి సస్పెన్షన్‌ని సర్దుకోనివ్వండి. డ్రైవరు సీట్లో మీ అంత బరువు ఉంచి, రెండో లింక్ పొడవు తిప్పుతూ బోల్టు వేలితో నెడితే దూరేలా చూడండి. సుత్తి అవసరమైతే పొడవు కుదరలేదనే. లాక్ నట్లు బిగించే ముందు లింక్ మరలు రెండు వైపులా చాలినంత లోపల ఉన్నాయో లేదో చూడాలి. మర వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపల ఉంచండి.

ఈ పని ఒక్క చక్రం కింద జాకీ పెట్టి చేయకూడదు. ఒక పక్క వేలాడితే బార్ మెలితిరిగి లింక్ బోల్టు మీద బలం పడుతుంది. బోల్టు రాదు, వస్తే బార్ ఎగిరి చేతిని కొడుతుంది.

టక్ టక్‌మనే చప్పుడుకి మొదటి అనుమానం లింక్ నట్టు. బాల్ జాయింట్ స్టడ్ (లింక్ చివర ఉండే మరల కాడ) నట్టుతో పాటు తిరిగిపోతే బిగిసినట్టే అనిపిస్తుంది, బిగియదు. స్టడ్ చివర అలెన్ కీ పెట్టి పట్టుకుని నట్టు తిప్పాలి. నైలాన్ లాక్ నట్టు విప్పారంటే కొత్తది వేయండి. తర్వాత చూడాల్సింది బార్ పక్కకు జరుగుతోందా అని. బుష్ పక్కన కాలర్ (బార్‌ని జరగనివ్వని రింగు) లేకపోతే జరిగి ఏదో ఒకదానికి తగులుతుంది. టక్‌మని కాకుండా కిర్రుమంటే పాలీయురేథేన్ బుష్ ఎండిందని అర్థం. దానికి సిలికాన్ గ్రీజు పెట్టండి.

ఆ కింద ఉండగానే బార్‌కీ బ్రేక్ గొట్టానికీ ఎగ్జాస్ట్‌కీ డ్రైవ్ షాఫ్ట్‌కీ మధ్య సందు చూడండి. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడూ చూడాలి, పూర్తిగా పైకి నొక్కుకున్నప్పుడూ చూడాలి. బ్రాకెట్లు బిగించిన చోట సన్నని పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూడండి. లావు బార్ లాగే బలానికి పల్చని రేకు మీది మౌంట్ చినిగిపోవడం జరిగేదే. అలాంటి బండికి బలపరిచిన బ్రాకెట్ లేకుండా లావు బార్ వేయకూడదు.

ప్రశ్న: ఎడమ లింక్ మెత్తని రంధ్రంలో, కుడి లింక్ గట్టి రంధ్రంలో వేస్తే బండి ఒక పక్కకు లాగదా?

జవాబు: లాగదు. బార్ ఒకే ముక్క. రెండు చేతుల పొడవులూ కలిసి ఒకే గట్టిదనం ఇస్తాయి, ఏ వైపు తిరిగినా దాదాపు అదే. రెండు రంధ్రాల బార్‌లో ఇది చక్కని మధ్య సెట్టింగ్. రంధ్రం మార్చాక లింక్ పొడవు మళ్లీ సరిచూడండి, పైన చెప్పిన మెలిక రాకుండా.

ప్రశ్న: ముందు చక్రాలు లాగే చిన్న స్పోర్ట్స్ కారు నాది. గట్టి రంధ్రంలో వేస్తే మలుపులో లోపలి వెనక చక్రం నేల వదులుతోంది. ప్రమాదమా?

జవాబు: ఈ తరహా కార్లలో ట్రాక్ మీద అది మామూలే. లాగే చక్రాలు ముందువి కాబట్టి ట్రాక్షన్ పోదు. కాకపోతే చక్రం పూర్తిగా లేచాక వెనక జతలో మళ్లడానికి ఇక బరువు మిగలదు, ఆపైన బార్ ఎంత గట్టిపరిచినా లాభం ఉండదు. మలుపు మొదట్లోనే చాలాసేపు లేచి ఉంటోందంటే ఒక రంధ్రం మెత్తబరచండి.

రోడ్డు మీద, ముఖ్యంగా తడిలో, మెత్తని రంధ్రమే వాడండి. తడిలో బ్రేక్ తొక్కుతూ మలుపులోకి దిగితే మొదట జారేది వెనకే. స్టెబిలిటీ కంట్రోల్ ఆదుకుంటుంది గానీ, అది పదే పదే జోక్యం చేసుకుంటోందంటే బార్ ఆ రోడ్డుకు గట్టిదైందని లెక్క. రంధ్రం మార్చిన రోజు గాలి, క్యాంబర్, డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) ఏవీ ముట్టుకోకండి, లేకపోతే ఏ మార్పు ఏం చేసిందో తేలదు. మొదటి 100 కి.మీ. తిరిగాక బోల్టులన్నీ కారు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి మరోసారి సరిచూడండి.